శ్రీరంగపట్నం చివరి ముట్టడి

కావేరి రెండు పాయలుగా చీలి చుట్టుకున్న శ్రీరంగపట్నానికి నదే మొదటి కందకం. 1610లో రాజ ఒడయారు విజయనగర ప్రతినిధి తిరుమలరాయని నుంచి ఈ కోటను గెలుచుకుని మైసూరు రాజ్యానికి పీఠంగా చేశాడు. ఒకటిన్నర శతాబ్దం తరువాత, 1761లో, సైన్యంలో కిందినుంచి ఎదిగి వచ్చిన హైదరలీ రాజ్యాధికారం చేతికి తీసుకోవడంతో ఆ కోట దక్షిణాపథ రాజకీయాలకే కేంద్రమైంది. 1780లో పొల్లిలూరు వద్ద ఆయన సేనలు ఈస్టిండియా కంపెనీ దళాన్ని తుడిచిపెట్టాయి. 1782లో చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట విడిదిలో హైదరు కన్నుమూశాక, ఆయన కొడుకు టిప్పు ఆ బలాన్ని నిలబెట్టాడు. ఇనుప గొట్టాలతో చేసిన మైసూరు తారాజువ్వలను ఇంగ్లండులో సైతం శ్రద్ధగా పరీక్షించారంటే ఇక్కడి పనివారి నేర్పు ఎంతటిదో తెలుస్తుంది.

అయితే ఆ రాజధాని పతనం 1799 కన్నా ముందే మొదలైంది. 1792లో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్, హైదరాబాదు నిజాం, మరాఠాలు ఒక్కటై దీవిని ముట్టడించినప్పుడు టిప్పు సగం రాజ్యాన్ని, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలను ఇవ్వడానికి ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను హామీగా పంపి సంధి చేసుకోవలసి వచ్చింది. కడప, గండికోట సీమలు నిజాంకు దక్కాయి. 1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి కుదుర్చుకుని ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేయడంతో మైసూరు ఒంటరిదైంది.

మరుసటి ఏడు కంపెనీ సేనాని హారిస్ నాయకత్వాన మద్రాసు సేన సుమారు 21,000 మందితో కదిలింది. హైదరాబాదు నుంచి సుమారు 16,000 మంది, కన్ననూరు నుంచి బొంబాయి సేన దానితో కలిశాయి. లక్షకు పైగా ఎడ్లు సామాను మోశాయి. కోటలోపల సుమారు 30,000 మంది ఉన్నారు. వానలు పడి కావేరి పొంగేలోగా పని ముగించాలి, పైగా ముట్టడి సేనకు తిండిగింజలు తరిగిపోతున్నాయి. అందుకే ఫిరంగులు వాయవ్య మూలన గోడకు గండి కొట్టగానే, మే 4 మధ్యాహ్నం సుమారు 4,400 మంది నది దాటి లగ్గలెక్కారు. వారిని నడిపించిన బెయిర్డ్ ఒకప్పుడు పొల్లిలూరులో పట్టుబడి అదే కోటలో ఏళ్ల తరబడి ఖైదు అనుభవించినవాడు. గండిని కాచిన టిప్పు సేనాని సయ్యద్ గఫార్ అంతకు కాస్త ముందే ఫిరంగి గుండుకు బలయ్యాడు. టిప్పు పారిపోలేదు, కోట ద్వారం దగ్గర పోరాడుతూ మరణించాడు. మొత్తం ముట్టడిలో కంపెనీ పక్షాన చనిపోయినవారు, గాయపడినవారు కలిపి సుమారు 1,500 మంది. మైసూరు మృతుల అంచనాలు 6,000 నుంచి 10,000 దాకా సాగుతాయి. రెండు వైపులా నేలకొరిగినవారిలో ఎక్కువమంది ఈ దేశపు బిడ్డలే.

ఒడయారుల వంశంలోని అయిదేళ్ల బాలుణ్ణి గద్దెనెక్కించి రాజధానిని మైసూరుకు మార్చారు. గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాం వాటాకు వచ్చాయి. కానీ 1800లో సైన్య ఖర్చు కింద ఆయన ఈ కొత్త, పాత వాటాలన్నిటినీ కంపెనీకే అప్పగించాడు. అవే దత్తమండలాలు. కంపెనీ అధికారి మన్రో అక్కడ పాలెగాళ్లను అణచి, రైతువారీ శిస్తు పద్ధతిని అమలు చేశాడు. కావేరి ఒడ్డున తేలిన ఆ యుద్ధం పెన్న ఒడ్డున రైతు ఎవరికి, ఎంత, ఎలా శిస్తు కట్టాలో నిర్ణయించింది. ఆనాటి నష్టాన్ని సరిగా లెక్కించాలంటే గోడ కింద పడినవారితోపాటు, యుద్ధం చూడకుండానే ఏలిక మారిపోయిన ఈ ఊళ్లనూ కలుపుకోవాలి.