మూడు మంచి ట్రాన్సిస్టర్లను పారేసిన కథ

చరిత్ర వ్యాసం రాయమని అయ్యవారు చెప్పగానే మా తరగతిలో సగం మంది తగడూరు అదియమాన్ పేరు ఎత్తుకున్నారు. నాకు మాత్రం మా పెద్దనాయన రిపేరు అంగట్లోని రేకు డబ్బా గుర్తొచ్చింది. దాన్నిండా చచ్చిన పవర్ ట్రాన్సిస్టర్లే.

పోయిన ఏడాది ద్రౌపదమ్మ తిరునాళ్లకు ముందు ఒక మైకుసెట్టాయన ఆంప్లిఫయరు తెచ్చాడు. "రేపు రాత్రి భారతం కూత్తు ఉంది, ఎట్లయినా చేసియ్యన్నా" అన్నాడు. ఫ్యూజు వేసిన ప్రతిసారీ కాలిపోతోంది. పెద్దనాయన అందులోని నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు ఊడదీసి, పాత ముల్లు మీటరు నా ముందు పెట్టి, చెడింది ఏదో చూడమని చెప్పి అన్నానికి పోయినాడు.

నేను నేర్చుకున్నది డిజిటల్ మీటరుతో. ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టరు అంటే బేసు దగ్గర కలిసిన రెండు డయోడుల్లాంటిది. ఎర్ర తీగ బేసుకు, నల్ల తీగ ఎమిటరుకు పెడితే సుమారు 0.6 వోల్టు చూపాలి. కలెక్టరుకు పెట్టినా దాదాపు అంతే. కలెక్టరంటే వేరే కాలు లేదు, పైనున్న లోహపు టోపీయే. తీగలు తిప్పిపెడితే ఏమీ చూపకూడదు. కలెక్టరు, ఎమిటరు మధ్య ఎటు పెట్టినా ఏమీ రాకూడదు.

అట్లే పెట్టినాను. మూడింటికి ముల్లు కదల్లేదు. నాలుగోదానికి మాత్రం చివరిదాకా కొట్టింది. ఇదొక్కటే బాగుందని పక్కనపెట్టి, మిగతా మూడూ డబ్బాలో వేసేశాను.

పెద్దనాయన వచ్చి ఆ మంచిదాన్ని తీసుకుని, తీగలు ఎటు తిప్పిపెట్టినా ముల్లు చివరికే పోవడం చూపించాడు. లోపల షార్టయింది. ఫ్యూజు కాల్చింది అదే! ముల్లు మీటరులో ఓములు కొలిచేటప్పుడు లోపలి బ్యాటరీ కరెంటు నల్ల తీగ నుంచి బయలుదేరి ఎర్ర తీగలోకి తిరిగొస్తుంది. ముల్లు ఒకే దిక్కుకు తిరగాలి కాబట్టి అట్లా కట్టారు. అంటే ఆ మీటరుకు నల్లదే ప్లస్. నేను మూడు మంచివాటిని తలకిందులుగా పరీక్షించాను.

ఇప్పుడు వాటిని వెతకాలి. టోపీలన్నీ ఒకేలా ఉన్నాయి. సాయంత్రం దాకా డబ్బా మొత్తం ఒక్కొక్కటీ కొలిచాను. మధ్యలో ఒకటి విచిత్రంగా ఎర్ర తీగ బేసుకు పెడితేనే పలికింది, తిప్పిపెట్టినా కొంచెం కదిలింది. దాని మీద ఏడీ149 అని ఉంది. అది జర్మేనియం, పీఎన్‌పీ, అది కొంచెం కారుతుంది అన్నాడు పెద్దనాయన. నా చరిత్ర అక్కడ మొదలయింది.

1947 డిసెంబరు 16న అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ పనిచేయించిన మొదటి ట్రాన్సిస్టరు కూడా జర్మేనియమే. షాక్లీతో కలిపి ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. ధర్మపురిలో రైలెక్కితే హోసూరు మీదుగా చేరే బెంగళూరులో బీఈఎల్ 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ మొదలుపెట్టింది. మా అవ్వ ఇప్పటికీ రేడియోను ట్రాన్సిస్టర్ అనే అంటుంది. కానీ జర్మేనియం వేడికి ఆగదు. వేడెక్కేకొద్దీ ఆ కారడం ఎక్కువై, మరింత వేడెక్కి చస్తుంది. రాత్రంతా మోగే మైకుసెట్టుకు అది కుదరదు. అందుకే 1960ల మొదట్లో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన సిలికాన్ 2ఎన్3055 అంతగా పాతుకుపోయింది. 15 ఆంపియర్లు, 60 వోల్టులు దాని హద్దు.

మూడూ దొరికాయి. షార్టయినదాని బదులు కొత్తది వేసి, అన్నిటి కిందా మైకా రేకులు మార్చాం. రేకు చిరిగితే టోపీ హీట్‌సింకుకు తగులుతుంది, మంచి ట్రాన్సిస్టరు కూడా షార్టయినట్టే కనిపిస్తుంది.

మీటరు బాగుందన్నంత మాత్రాన పెద్దనాయన నమ్మడు. దాని బ్యాటరీ చిన్నది, అసలు వోల్టేజీ వచ్చినప్పుడే బలహీనమైనవి బయటపడతాయంటాడు. అందుకని కరెంటు దారిలో వంద వాట్ల బల్బు కట్టి స్విచ్చి వేయమన్నాడు. బల్బు నిండుగా వెలుగుతూ ఉండిపోతే ఇంకా షార్టు ఉన్నట్టే. నా చెయ్యి వణికింది. బల్బు ఒక్కసారి భగ్గుమని, ఎర్ర తీగలా సన్నగిల్లింది.

"ఇంక ఆ డబ్బా మూత పెట్టు" అన్నాడు పెద్దనాయన.