గిలకల విల్లు

కాంపౌండ్ విల్లుకు నిండా అరవై ఏళ్లే. బద్దల కొసలకు గిలకలు, వాటి మీదుగా సాగే నారి, నారికి తోడుగా అటూ ఇటూ బిగిసి ఉండే తీగలు. చూపులకు చిన్న యంత్రంలా ఉండే ఈ విల్లు 1966లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పుట్టింది. అప్పటికే ఆ దేశంలో విల్లుతో వేటాడేవాళ్లకంటూ విడిగా ఒక వేట సీజను ఉంది. వాళ్ల సంఘాలున్నాయి, రికార్డుల పుస్తకాలున్నాయి. ఆ సీజనే లేకపోతే అలెన్ అనే ఔత్సాహికుడు సొంతంగా చేసిన ప్రయోగం అతని ఇల్లు దాటి వచ్చేది కాదేమో. వేసవి పొడుగునా పెరట్లో విల్లు సరిచేసుకుంటూ, గురి దిద్దుకుంటూ శరత్తు కోసం ఎదురుచూసే అమెరికన్ అలవాటుకు మూలం ఈ రెండు చరిత్రలూ కలిసిన చోట ఉంది.

అమెరికాలో స్థిరపడ్డ యూరోపియన్లు తుపాకీతో వేటాడినవాళ్లే. విల్లు ఆ నేల ఆదివాసుల ఆయుధం. తెల్లవారిలో దాని మీద మోజు అంతర్యుద్ధం ముగిశాక మొదలైంది. దక్షిణాది సైన్యంలో పనిచేసి వచ్చిన మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అనే అన్నదమ్ములు విల్లు పట్టి ఫ్లోరిడా అడవుల్లో తిరిగారు. మారిస్ 1878లో అచ్చువేసిన ‘ద విచరీ ఆఫ్ ఆర్చరీ’ పుస్తకం ఊరూరా విలువిద్య క్లబ్బులు లేపింది. మరుసటి ఏడాదే ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో జాతీయ విలువిద్య సంఘం ఏర్పడింది. ఆ ఉత్సాహం ఎక్కువగా పచ్చిక మైదానాల మీది పోటీలకే సరిపోయింది. వేటను మళ్లీ విల్లు దగ్గరికి తెచ్చినవాడు ఇషీ. కాలిఫోర్నియాలో ఊచకోతకు గురైన యాహీ తెగలో మిగిలిన చివరి మనిషి అతను. 1911 ఆగస్టులో ఒరోవిల్ ఊరి దగ్గర బయటపడ్డాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియంలో అతనికి చోటు ఇచ్చారు. పక్కనే ఉన్న వైద్య కళాశాల సర్జన్ శాక్స్టన్ పోప్ అతనికి వైద్యం చేస్తూ, అతని దగ్గరే విల్లు చెక్కడం, బాణం కట్టడం, జింకను సమీపించడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ క్షయతో చనిపోయాడు. ఆ విద్యను పోప్ 1923లో ‘హంటింగ్ విత్ ద బో అండ్ యారో’ పేరుతో పుస్తకంగా రాశాడు. అమెరికన్ విల్లు వేటగాళ్లందరి గురుపరంపరా ఆ పుస్తకం దగ్గరికే చేరుతుంది. తన తెగవాళ్లలో ఎక్కువమందిని తుపాకీకి పోగొట్టుకున్న మనిషి దాని మూలంలో ఉన్న సంగతి ఆ పరంపరలో కొందరికే గుర్తుంటుంది.

పోప్‌కు జతగా తిరిగిన ఆర్ట్ యంగ్ అలాస్కాలో విల్లుతో వేటాడి సినిమా తీశాడు. ఆ సినిమాను 1927లో చూసిన ఫ్రెడ్ బేర్ అనే యువకుడు 1933లో డెట్రాయిట్‌లో విల్లంబుల తయారీ మొదలుపెట్టాడు. అయితే చట్టం విలుకాళ్లను విడిగా చూడనంత కాలం వాళ్లు తుపాకుల మధ్యే వేటాడాలి. వంద గజాల నుంచి కొట్టేవాడి పక్కన ఇరవై గజాల లోపుకు జింక రావాలని కూర్చునేవాడికి అవకాశం దొరకదు. తూటాల చప్పుడుకే అడవి ఖాళీ అవుతుంది. ఈ చిక్కును తీర్చిన మొదటి రాష్ట్రం విస్కాన్సిన్. 1934లో కొలంబియా, సాక్ అనే రెండు కౌంటీలలో విల్లుకు మాత్రమే అనుమతి ఉన్న జింకల వేట సీజను పెట్టింది. మిషిగన్ 1937లో ఆ దారి పట్టింది. తర్వాత ఒక్కో రాష్ట్రమూ కలిసింది. వేట శాఖలకూ ఇందులో లాభం కనిపించింది. తుపాకీ వేట కొద్ది రోజుల్లోనే జింకల మందల్ని పలచన చేస్తుంది. విల్లు చేత పట్టినవాళ్లు వారాల తరబడి అడవిలో తిరిగినా పడేవి తక్కువ. అందుకే విల్లు సీజనును పొడుగ్గా ఇవ్వగలిగారు. విస్కాన్సిన్‌లో అది ఇప్పుడు సెప్టెంబరు మధ్యలో మొదలవుతుంది.

ఇదే కాలంలో విల్లు మీదికి ఇంజనీర్ల చూపు పడింది. బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ వేగంగా తీసే కెమెరాలతో బాణాన్ని చిత్రించాడు. నారి వదలగానే బాణం తిన్నగా దూసుకుపోదు. అటూ ఇటూ వంగుతూ, విల్లు పిడిని చుట్టినట్టుగా దాటి, ఆ తర్వాతే నిలకడగా సాగుతుంది. విలుకాళ్లు అనుభవంతో ఎరిగిన ఈ వింత కంటికి కనిపించింది. విల్లు బలానికి తగినంత బిరుసు బాణానికీ ఉండాలి. మరీ మెత్తనైనా, మరీ గట్టిదైనా గురి తప్పుతుంది. కర్రలో ఆ బిరుసు ఒక బాణానికీ మరో బాణానికీ ఒకేలా రాదు. కాలిఫోర్నియాలో బాణాలు చేసే డగ్ ఈస్టన్ అల్యూమినియం గొట్టాల వైపు తిరిగింది ఇందుకే. ఇవాళ్టి కార్బన్ బాణం మీద 340, 400, 500 అని ఉండే అంకెలు ఈ వంపును కొలిచి వేసినవే. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణాన్ని ఉంచి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో చూస్తారు. అంగుళంలో వెయ్యింట 400 వంతులు వంగితే అది 400 బాణం. అంకె పెరిగిన కొద్దీ బాణం మెత్తన.

ఇక గిలకల సంగతి. మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ అలెన్ వేటగాడే గానీ పేరున్న విల్లు తయారీదారు కాదు. మామూలు విల్లులో నారిని ఎంత లాగితే బరువు అంత పెరుగుతుంది. పూర్తిగా లాగి, జింక ఒక అడుగు ముందుకు వేసేదాకా ఆగాల్సిన క్షణంలోనే చేతి మీద భారమంతా పడుతుంది. అలెన్ బద్దల కొసలు కోసేసి అక్కడ గిలకలు బిగించాడు. కిటుకు గిలకలో లేదు, ఇరుసు వేసిన చోట ఉంది. బావి గిలకకు ఇరుసు సరిగ్గా నడుమ ఉంటుంది. అలెన్ దాన్ని పక్కకు జరిపాడు. నారి లాగుతున్న కొద్దీ గిలక తిరిగి, మీట బలం మారుతుంది. బరువు మధ్యలో శిఖరానికి చేరి, చివరికి వచ్చేసరికి సడలిపోతుంది. శిఖరం మీద 70 పౌండ్లున్న నేటి విల్లులో 80 శాతం సడలింపు ఉంటే, పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు వేళ్ల మీద ఉండేది 14 పౌండ్లే. లాగుడు పొడుగునా బరువు ఎత్తుగా నిలిచి ఉంటుంది గనుక బద్దల్లో నిలవయ్యే శక్తీ ఎక్కువ, బాణం వేగమూ ఎక్కువ. అలెన్ 1966 జూన్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1969 డిసెంబరు 30న అది చేతికొచ్చింది.

పెద్ద తయారీదారులు మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. కాలిఫోర్నియాలోని విల్లు తయారీదారు టామ్ జెన్నింగ్స్ దాని విలువ కనిపెట్టి, అలెన్‌తో ఒప్పందం చేసుకుని తయారీకి దిగాడు. బేర్ వంటి కంపెనీలు ఆ తర్వాత దారికొచ్చాయి. 1961లో గ్లెన్ సెయింట్ చార్లెస్ స్థాపించిన పోప్ అండ్ యంగ్ క్లబ్బు విల్లు వేట రికార్డుల్ని నమోదు చేసే సంస్థ. అందులో పెద్ద పేచీ నడిచింది. చక్రాలున్నది విల్లే కాదన్నారు సంప్రదాయవాదులు. గిలకల్ని చివరికి ఒప్పుకున్నా, సడలింపు 65 శాతం మించకూడదని క్లబ్బు చాలాకాలం పట్టుబట్టింది. అలెన్ 1979లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. 1980లు గడిచేసరికి అమెరికన్ వేట అడవుల్లో గిలకలు లేని విల్లే అరుదైంది.

గిలకలతో పాటే ట్యూనింగ్ అనే పని పెరిగింది. కర్ర విల్లుకు నైపుణ్యమంతా చెక్కేటప్పుడే పడుతుంది. తగిన బాణాలు ఏరుకుంటే, ఆ తర్వాత మిగిలిన పని చేతిదే. కాంపౌండ్ విల్లులో తయారీ కంపెనీ ఫ్యాక్టరీకి పోయింది, సరిచేసుకునే భారం కొన్నవాడి మీద పడింది. తొలి నమూనాల్లో కొసల గిలకలే కాక బద్దల మొదట్లో మరో జత ఉండేది. తీగలు ఉక్కువి. పైగిలక, కిందిగిలక ఒకే క్షణంలో తిరగాలి. ఒకటి వెనకబడితే బాణం తోక పైకో కిందికో ఊగుతుంది. ఉక్కు స్థానంలో డైనీమా వంటి సాగని నూలు వచ్చాక తూకం నిలకడైంది. మాథ్యూస్ కంపెనీ పెట్టిన మాట్ మెక్‌ఫర్సన్ 1990లలో ఒకే క్యామ్ (తిరిగే కొద్దీ మీట బలం మార్చే గిలక) ఉన్న విల్లును జనంలోకి తెచ్చాడు. రెండు గిలకలకు జత కుదర్చాల్సిన తలనొప్పి దాంతో తప్పింది. తర్వాత రెండు క్యామ్‌లను ఒకదానికొకటి కట్టివేసే పద్ధతులు రావడంతో జంట క్యామ్‌లు మళ్లీ ముందుకొచ్చాయి.

పనికి ఒక వరుస ఉంది. దాన్ని తప్పితే గంటలు వృథా. ముందుగా ఇరుసు నుంచి ఇరుసుకు దూరం, నారికీ పిడికీ మధ్య ఎడం కంపెనీ చెప్పిన కొలతకు తెస్తారు. తీగను మెలిపెట్టాలన్నా విప్పాలన్నా బద్దలను నొక్కి వంచే ప్రెస్సు కావాలి. చేత్తో సాహసాలు చేస్తే వేళ్లు పోతాయి. క్యామ్‌ల తూకం చూశాక, లాగుడు పొడవు మనిషి చేతులకు కుదురుస్తారు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పొడవు ఎక్కువైతే వేగం పెరుగుతుందన్న ఆశతో మోచేయి వెనక్కి పోయేంత లాగుతారు, గురి పోగొట్టుకుంటారు. ఆ తర్వాత నారి మీద బాణం తగిలించే చోటు, బాణం ఆనే రెస్టు నిర్ణయిస్తారు.

అప్పుడు కాగితం పరీక్ష. చట్రానికి కాగితం బిగించి, రెండు మీటర్ల దూరం నుంచి దాంట్లోంచి బాణం వేస్తారు. బాణం తిన్నగా పోతే గుండ్రటి చిల్లు, దాని చుట్టూ ఈకల చీలికలు మాత్రమే పడతాయి. చిరుగు పైకి సాగితే తోక ఎత్తుగా పోతోందన్న మాట. నారి మీది చోటు కాస్త దించాలి, లేదా రెస్టు ఎత్తాలి. పక్కకు సాగితే రెస్టును పక్కకు జరపాలి, లేదా బాణం బిరుసును అనుమానించాలి. విల్లు పిడిని గట్టిగా బిగించి పట్టుకున్నా ఇదే చిరుగు పడుతుంది. అందుకని మర ముట్టుకునే ముందు చెయ్యి చూసుకోవడం మంచిది. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం.

కాగితం ఒప్పుకున్నా ములికి ఒప్పుకోకపోవచ్చు. సాధనలో వాడేది సన్నటి మొన, వేటలో వాడేది వెడల్పాటి అలుగులున్న ములికి. బాణం విసురుకు చంపదు. అలుగులు ఊపిరితిత్తులను కోసి, రక్తం పోయి జంతువు పడుతుంది. ఆ అలుగులే గాలిలో రెక్కల్లా పనిచేసి, విల్లులో దాగిన చిన్న లోపాన్ని ఇరవై, ముప్ఫై గజాల దగ్గర పెద్దది చేసి చూపిస్తాయి. ములికి బాణాలు సన్నమొన బాణాలకు ఎడమగా గుచ్చుకుంటే, రెండూ ఒకచోట కలిసేదాకా రెస్టును కొంచెం కొంచెంగా కుడికి జరుపుతారు. ఈ పని సీజను ముందు రోజు పెట్టుకునేది కాదు.

సాధనకు దారి చూపింది 1939లో ఏర్పడ్డ జాతీయ ఫీల్డ్ ఆర్చరీ సంఘం. సమతలం మీద తెలిసిన దూరం నుంచి గుండ్రటి గురిని కొట్టడం వేటకు చాలదని గ్రహించి, ఎత్తుపల్లాల అడవిబాటల్లో గురులు నిలిపారు. తర్వాత నురుగుతో చేసిన నిలువెత్తు జింక, అడవి పంది బొమ్మలు వచ్చాయి. వేసవిలో ఈ బొమ్మల పోటీలు ఊరూరా సాగుతాయి. చెట్టు మీది మంచె నుంచి కిందికి వేయడం వేరే సాధన. నేల మీది అడ్డదూరాన్నే లెక్కలోకి తీసుకోవాలి, చేతులు దించకుండా నడుము దగ్గర వంగాలి. అన్నింటికన్నా విలువైనది రోజులో మొదటి బాణం. యాభై బాణాలు వేశాక కుదిరే గురి అడవిలో పనికిరాదు. అక్కడ రెండో అవకాశం దొరకడం అరుదు.

వేగం ఇంత పెరిగినా వేట దూరం పెద్దగా పెరగలేదు. సెకనుకు 280 అడుగులు పోయే బాణం ముప్ఫై గజాలు దాటడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు అందులో నాలుగో వంతు కాలంలోనే జింక చెవికి చేరుతుంది. ఉలిక్కిపడి దూకడానికి అది కుంగేసరికి బాణం వీపు మీదుగా పోతుంది. అందుకే బుద్ధిగల వేటగాళ్లు వేగం కన్నా నిశ్శబ్దం చూసి విల్లు కొంటారు.

1972లో అమెరికా కాంగ్రెస్ విల్లంబుల అమ్మకం మీద 11 శాతం పన్ను వేసి, ఆ సొమ్మును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. అదే ఏడాది భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నల్లమల చెంచుల విల్లంబులతో సహా దాదాపు అన్ని రకాల వేటకూ దాంతో క్రమంగా తలుపు మూసుకుంది. కాబట్టి తెలుగు నేలకు కాంపౌండ్ విల్లు వచ్చింది ఆటగానే. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దీనికి 1995లో జకార్తాలో చోటు దొరికింది, ఆసియా క్రీడల్లో 2014లో. పోటీల్లో విల్లు బరువు 60 పౌండ్లు మించకూడదు, గురి 50 మీటర్ల దూరంలో ఉంటుంది. ములికి మినహా ట్యూనింగ్ దాదాపు అదే. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో బెర్లిన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టు స్వర్ణంలో పాలుపంచుకుంది. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఇంతకాలం ఒలింపిక్స్‌లో గిలకలు లేని విల్లుకే ప్రవేశం ఉండేది. 2028 లాస్ ఏంజిలస్ క్రీడల్లో కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీని మొదటిసారిగా చేర్చారు.