ముళ్ళకంచె లోపల కలిసిన వయొలిన్లు

ఊరినుంచి బంధువులు లండన్ వస్తే మేం తిప్పి చూపించే చోట్లలో విగ్మోర్ హాల్ ఉండదు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బట్టల కొట్లన్నీ తిరిగి అలిసిపోయినవాళ్ళు, ఆ వెనక వీధిలోనే ఉన్న ఈ హాలు ముందునుంచి తలెత్తి చూడకుండా నడిచిపోతారు. ఐదువందల యాభై మంది పట్టే చిన్న హాలు. వేదిక మీద సగం గోపురంలాంటి గూడు, అందులో నిప్పుల బంతి చుట్టూ గీసిన బొమ్మలు. విల్లు తీగను తాకేముందు వాద్యకారుడు తీసే ఊపిరి కూడా వెనక వరుసకి వినపడుతుంది. నేను స్థిరపడిన ఈ దేశం చరిత్ర నాకు పార్లమెంటు భవనం దగ్గర కన్నా ఇక్కడే బాగా తెలిసొచ్చింది.

ఈ హాలు కట్టించింది ఇంగ్లీషువాళ్ళు కాదు. బెక్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీ 1901లో తమ షోరూము పక్కనే కట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్ పేరున్న ప్రతిదాని మీదా జనానికి కోపం. 1916లో ప్రభుత్వం హాలునీ, షోరూమునీ, లోపలున్న పియానోలతో సహా శత్రువుల ఆస్తి కింద జప్తు చేసి వేలం వేసింది. డెబన్‌హమ్స్ అనే బట్టల దుకాణంవాళ్ళు 56,500 పౌన్లకి పాడుకున్నారు. మరుసటేడు వీధి పేరు పెట్టి మళ్ళీ తెరిచారు.

అదే వేదిక మీద 1948 జనవరి 10న నలుగురు కుర్రాళ్ళు తొలిసారి అమడేయస్ క్వార్టెట్ పేరుతో కచేరీ చేశారు. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. వయోలా చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది, శ్రుతి తక్కువ. వీళ్ళ ముందు నిలబడి చేతులు ఊపే కండక్టర్ ఉండడు. నలుగురూ ఒకరి విల్లు ఒకరు చూసుకుంటూ, ఒకరి ఊపిరి ఒకరు పట్టుకుంటూ వాయించాలి. ఆ నలుగురిలో ముగ్గురు అంతకు ఎనిమిదేళ్ళ క్రితం ఈ దేశంలోనే ఖైదీలు.

నార్బర్ట్ బ్రైనిన్ వియన్నాలో పుట్టాడు. సీగ్‌మండ్ నిస్సెల్ మ్యూనిక్‌లో పుట్టినా తల్లి పోయాక వియన్నాలో పెరిగాడు. పీటర్ షిడ్‌లోఫ్ కూడా ఆస్ట్రియావాడే. ముగ్గురూ యూదులు, ముగ్గురూ చిన్నప్పుడే వయొలిన్ పట్టినవాళ్ళు. ఆ రోజుల్లో వియన్నాలో సంగీతం నేర్చుకోవడమంటే ఒక పరంపరలో చేరడం. మనం వాలాజాపేట శిష్యులు, ఉమయాళ్‌పురం శిష్యులు అంటూ త్యాగయ్యగారి వరకూ వరస చెప్పుకున్నట్టే వాళ్ళూ చెప్పుకునేవారు. ఆ వరసలో పెద్ద తలకాయ ఆర్నల్డ్ రోజే. యాభై ఏళ్ళకు పైగా వియన్నా ఆపెరా ఆర్కెస్ట్రాలో మొదటి కుర్చీ ఆయనది. సొంతంగా క్వార్టెట్ కూడా నడిపాడు. సంగీతకర్త మాలర్‌కి స్వయానా బావగారు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నప్పుడు అంతటి మనిషిని ఒక్క దెబ్బతో తీసేశారు. డెబ్బై అయిదేళ్ళ వయసులో దేశం విడిచి లండన్ చేరి, 1946లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన కూతురు ఆల్మా మంచి వయొలిన్ విద్వాంసురాలు. ఆష్‌విట్జ్ శిబిరంలో ఖైదీ స్త్రీల వాద్యబృందాన్ని నడిపి, 1944లో అక్కడే చనిపోయింది.

1938 చివరినుంచి రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా, హిట్లర్ చేతిలో చిక్కిన దేశాలనుంచి బ్రిటన్ దాదాపు పదివేలమంది పిల్లల్ని రానిచ్చింది. ఎక్కువమంది యూదుల పిల్లలే. నిస్సెల్, షిడ్‌లోఫ్ అలా రైళ్ళెక్కి వచ్చినవాళ్ళే. ఇక్కడివాళ్ళు ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే పిల్లలకిచ్చిన అనుమతి తల్లిదండ్రులకి ఇవ్వలేదు. ఆ పిల్లల్లో చాలామంది స్టేషన్లో వదిలొచ్చిన అమ్మానాన్నలని మళ్ళీ చూడలేదు. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పడం నాకు న్యాయం అనిపించదు.

యుద్ధం వచ్చాక ట్రిబ్యునళ్ళు పెట్టి డెబ్బై వేలమందికి పైగా జర్మన్లనీ, ఆస్ట్రియన్లనీ విచారించారు. అత్యధికులు ప్రమాదం లేనివాళ్ళని, నాజీల బాధితులని ఆ ట్రిబ్యునళ్ళే తేల్చాయి. అయినా 1940 వేసవిలో హాలెండ్, బెల్జియం, ఫ్రాన్స్ వరసగా పడిపోతుంటే ఈ దేశానికి గూఢచారుల భయం పట్టుకుంది. పదహారేళ్ళు నిండిన మగవాళ్ళని వేలకొద్దీ పట్టుకెళ్ళారు. మొత్తం దాదాపు ఇరవై ఏడు వేలమంది. నేరం లేదు, శిక్ష ఎన్నాళ్ళో తెలియదు. హిట్లర్‌ని తప్పించుకుని వచ్చిన యూదు కుర్రాడికి శత్రుదేశీయుడని ముద్ర. ష్రాప్‌షైర్‌లోని ప్రీస్ హీత్ అనే గుడారాల శిబిరంలో బ్రైనిన్, షిడ్‌లోఫ్ కలుసుకున్నారు. తర్వాత షిడ్‌లోఫ్‌ని ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపానికి పంపితే అక్కడ నిస్సెల్ పరిచయమయ్యాడు. వేసవి సెలవులకి జనం వచ్చి దిగే సముద్రపొడ్డు లాడ్జీల చుట్టూ ముళ్ళకంచె వేసి అక్కడ జైలు చేశారు.

ఆ కంచెల లోపల ఎంత సంగీతముందో తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లివర్‌పూల్ దగ్గర హైటన్ శిబిరంలో హాన్స్ గాల్ అనే సంగీతకర్త ఉన్నాడు. మైంజ్ నగరంలో సంగీత కళాశాలకి అధిపతిగా ఉండగా 1933లో నాజీలు ఆయన్ని తొలగించారు. శిబిరంలో దొరికినవి ఒక ఫ్లూటు, రెండు వయొలిన్లు. ఆ మూడింటికీ సరిపోయేలా ఆయన హైటన్ సూట్ అనే కృతి రాశాడు. చెల్లో లేదు కాబట్టి కింది స్వరాన్ని మోసే వాద్యమే లేదు. అయినా అందులో ఎక్కడా ఏడుపు వినపడదు, తేలిగ్గా గంతులేస్తూ సాగుతుంది. విడుదలయ్యాక గాల్ ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాడు.

ఇలా నాజీల వల్ల దేశం విడిచినవాళ్ళలో ఒకరి బాణీ మనందరికీ తెలుసు. పొద్దున్నే రేడియో పెట్టగానే వినపడే ఆకాశవాణి సంకేత సంగీతం కట్టింది, యూరప్ వదిలి 1934లో బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదుడేనని ప్రసిద్ధి.

మళ్ళీ బ్రిటన్ శిబిరాల సంగతికొస్తే, 1940 జులై 2న అలా బంధించినవాళ్ళని కెనడా తీసుకెళుతున్న అరండోరా స్టార్ ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఎనిమిది వందలమందికి పైగా పోయారు. ఇక్కడ కాఫీ కొట్లు, ఐస్‌క్రీం కొట్లు నడుపుకుని బతికిన ఇటాలియన్లు వాళ్ళలో ఎందరో. అప్పుడు దేశానికి మెలకువ వచ్చింది. వారం తిరిగేసరికి పార్లమెంటులో ఎంపీలు ప్రభుత్వాన్ని నిలదీశారు. బాంబుల భయం నెత్తిమీద ఉండగా, శత్రువు పేరు మోస్తున్నవాళ్ళ కోసం సభలో వాదించారు. ఈ దేశంలో నాకు నచ్చిన గుణం ఏదని అడిగితే నేను ఆ రోజు చర్చనే చూపిస్తాను. మెల్లగా విడుదలలు మొదలయ్యాయి. సంగీతకారులని విడిపించే సంఘానికి అధ్యక్షుడు వాన్ విలియమ్స్, ఇంగ్లీషు సంగీతానికే పెద్దదిక్కు.

బయటికొచ్చిన ముగ్గురినీ చేరదీసిన గురువు మ్యాక్స్ రోస్టాల్. వియన్నాలో రోజే దగ్గరా, బెర్లిన్‌లో కార్ల్ ఫ్లెష్ దగ్గరా నేర్చినవాడు, 1934లో తానూ పారిపోయి వచ్చినవాడు. ఫ్యాక్టరీలో పని చేసొచ్చే బ్రైనిన్‌కీ, మిగతా ఇద్దరికీ పైసా తీసుకోకుండా పాఠం చెప్పాడు. ముగ్గురూ వయొలిన్లే కనక క్వార్టెట్‌కి ఒకరు మారక తప్పలేదు. షిడ్‌లోఫ్ వయొలిన్ పక్కనపెట్టి వయోలా పట్టాడు. ఎన్నో ఏళ్ళు సాధన చేసిన వాద్యాన్ని, అప్పుడప్పుడే పేరొచ్చే వయసులో వదులుకోవడం చిన్న విషయం కాదు. నాలుగోవాడు మార్టిన్ లవెట్ లండన్ కుర్రాడు. తండ్రీ చెల్లో వాద్యకారుడే. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివినవాడు. శిబిరం చూడని ఒకే ఒక్కడు. తొలి కచేరీకి వంద పౌన్లు సర్దింది ఇమొజెన్ హోల్స్ట్, సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ కూతురు.

వాళ్ళ రికార్డులు వినండి. రెండు వయొలిన్లూ వయోలా ఒకే గురువు చేతికింద సానబట్టినవి కాబట్టి స్వరం ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి మారిన చోట అతుకు తెలియదు. పైన బ్రైనిన్ ధైర్యంగా, ఒక్కోసారి హద్దు దాటేంత ఉద్వేగంతో వాయిస్తుంటే, కింద లవెట్ చెల్లో నేల వదలకుండా నిలబడుతుంది. వియన్నా వీధుల్లోంచి తరిమేసిన బాణీ లండన్‌లో ఇలా నిలిచింది. సంగీతకర్త బెంజమిన్ బ్రిటన్ తన చివరి క్వార్టెట్‌ని వీళ్ళ కోసమే రాశాడు. ఆయన పోయిన రెండు వారాలకి, 1976 డిసెంబరు 19న, స్నేప్ అనే ఊళ్ళో వీళ్ళే తొలిసారి వాయించారు.

1987లో షిడ్‌లోఫ్ చనిపోయినప్పుడు మిగతా ముగ్గురూ ఇంకొకరిని తెచ్చుకోలేదు, బృందాన్ని అంతటితో ముగించారు. ఆ తర్వాత పాఠాలు చెప్పుకుంటూ గడిపారు. లవెట్ 2020లో కోవిడ్‌తో పోయేనాటికి తొంభై మూడేళ్ళు. వీళ్ళ దగ్గర నేర్చుకున్న బృందాల్లో బెల్చియా క్వార్టెట్ ఒకటి. దాన్ని లండన్‌లో మొదలుపెట్టిన కొరీనా బెల్చియా రొమేనియా అమ్మాయి, వయోలా వాయించే క్రిస్టాఫ్ పోలండ్ నుంచి వచ్చాడు. వాళ్ళ కచేరీలూ విగ్మోర్ హాల్లోనే జరుగుతుంటాయి.