రెండు మాత్రల కథ



మా అత్తగారికి కీళ్ళవాతం. డాక్టరుగారు రెండు రకాల మాత్రలు రాశారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఫోలిక్ యాసిడ్ ఇంకో రోజున. ఆ రెండోది చూసి ఆవిడ, "ఇదేవిఁటమ్మాయ్, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు మింగిన మాత్ర నాకెందుకు?" అని నవ్వారు. డాక్టరుగారిని అడిగితే, "మొదటిది రెండోదానికి విరోధి. అది చేసే చెరుపుని ఇది కొంత సర్దుతుంది" అన్నారు. ఆ మొదటిది క్యాన్సరు కోసం పుట్టిన మందట! పైగా ఈ రెండింటి వెనకా ఉన్నది మన భీమవరం బిడ్డ. తణుకులో పొద్దున్నే బస్సెక్కితే ఆ ఊరు చూసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. అంత దగ్గరి మనిషి సంగతి నాకిన్నాళ్ళూ తెలియకపోవడం సిగ్గేసింది.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఆ చదువు కోసం తల్లి వెంకమ్మగారు పుస్తెలు అమ్మారని చెబుతారు. పరీక్ష తప్పిన పిల్లాణ్ణి ఇంట్లో అందరూ తలోమాటా అంటుంటారే, అప్పుడు ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీ. ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువరకం డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఆ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరూ గ్రహణి జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి రక్తం లేక క్షీణించే జబ్బు అది. ఆ దెబ్బ ఆయన్ని వదల్లేదు. 1922లో మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగులకు చాకిరీ.

అక్కడ రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఫిస్కే దొరతో కలిసి 1925లో కనిపెట్టారు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, పరిశోధనకి పెద్ద అయ్యారు. మన ప్రాంతాల్లో బోదకాలుకి వాడే డి.ఇ.సి. మందు కూడా అక్కడిదే.

ఇక మన మాత్ర సంగతి. 1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, బొంబాయిలో రక్తం లేని గర్భిణీలకి ఈస్టు సారం పెడితే రక్తం పడుతోందని లోకానికి చెప్పింది. 1941లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరలోంచి ఒక పదార్థాన్ని తీశారు. ఆకులో దొరికింది కనక లాటిన్‌లో ఆకు పేరు మీదే ఫోలిక్ అన్నారు. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. గ్రహణికీ అది మందయింది. అన్నదమ్ములకి అందనిది పరాయివాళ్ళకి అందింది.

ఒంట్లో కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సరు కణానికి ఆ ఆకలి మరీ ఎక్కువ. పిల్లల రక్త క్యాన్సరుకి వైద్యం చేస్తున్న బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ దీన్నే పట్టుకున్నారు. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ పని చెయ్యనిది కావాలి. తాళంకప్పలో దూరి, తలుపు తియ్యకుండా ఇరుక్కుపోయే దొంగతాళంచెవి అన్నమాట! లెడర్లీవాళ్ళు అణువులో చిన్న మార్పు చేసి అటువంటివి తయారుచేశారు. రోగి దాకా రాకముందు సూక్ష్మజీవుల మీదా, జంతువుల మీదా ఇటువంటివాటిని పరీక్షిస్తారు. ఎవరికీ కనపడని ఆ చాకిరీ లేకపోతే మందే లేదు.

1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు: అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది. అయినా అంతవరకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. దాని చెల్లెలే మన మెథోట్రెక్సేట్. గర్భం తరువాత వచ్చే ఒకరకం క్యాన్సరుని 1956లో ఆ మందు పూర్తిగా నయం చేసింది. పిల్లల రక్త క్యాన్సరుకి మిగతా మందులతో పాటు ఈనాటికీ దాన్ని వాడుతున్నారు.

ఆయన మాత్రం ఇదంతా చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్కులో గుండె ఆగిపోయింది.

ఇక శేషగిరమ్మగారు. 1919లో పెళ్ళి. కొన్నేళ్ళలో తిరిగొస్తానన్న భర్త మళ్ళీ గడప తొక్కలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన కనిపెట్టిన మందులు మన ఊళ్ళన్నిటికీ వచ్చాయి, ఆవిడ ఇంటికి ఆయన రాలేదు. ఆయన చేసింది గొప్పే, ఆవిడ పోగొట్టుకున్నదీ చిన్నది కాదు. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని మరిచిపోవడం న్యాయం కాదని నాకనిపిస్తుంది. మీరేమంటారు?

ఇప్పుడు మా అత్తగారు ఫోలిక్ మాత్ర వేసుకుంటూ, "ఇది తల్లిగారి పుస్తెల మాత్రే అమ్మాయ్" అంటున్నారు. ఆ మాట అన్నప్పుడల్లా నేను శేషగిరమ్మగారిని కూడా తలుచుకుంటాను.