ఫస్ట్ సినిమా ఎట్ల మొదలైతది? 'మా భూమి' నుంచి 'అర్జున్ రెడ్డి' దాకా మనోళ్ళ కథ

హన్మకొండ నుంచి ఇంకో ఎపిసోడ్.

ఈ మధ్య మన ఇన్‌బాక్స్‌ల ఎక్కువ వచ్చే మెసేజ్ ఒకటే. "అన్నా, కథ రాసిన. ఎవరికి చెప్పాలె? జాబ్ బంద్ చేసి హైదరాబాద్ పోవాల్నా?" జనగామ, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి... ఊరు మారుతది, ప్రశ్న మారదు. నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలి మైక్ ముందు కూసున్నోణ్ణి కాబట్టి నన్ను అడుగుతున్నరేమో. కానీ వీడియోలు చేసుడు వేరు, సినిమా తీసుడు వేరు. అందుకే నా ముచ్చట పక్కన పెట్టి హిస్టరీ చూద్దాం. అంతకుముందు ఒక్క సినిమా కూడా తీయనోళ్ళు, మన నేల మీద ఫస్ట్ సినిమా ఎట్ల తీసిన్రు?

పాత దారి అందరికీ తెలిసిందే, ఊరు వదిలిపోవుడు. కరీంనగర్‌ల పుట్టిన పైడి జైరాజ్ 1929 ప్రాంతంలో బొంబాయి పోయిండు. మూకీల కాలం నుంచి హిందీ సినిమాల్ల హీరోగా చేసిండు, కొన్ని డైరెక్ట్ కూడా చేసిండు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చిన్రు. కరీంనగర్ పిల్లగాడు అంత ఎత్తుకు పోయిండు, కానీ ఆయన సినిమాల్ల కరీంనగర్ ఎక్కడిది? తెలుగు సినిమా తీయాలంటే కూడా అప్పట్ల మద్రాస్ పోవాలె. స్టూడియో అక్కడ, ల్యాబ్ అక్కడ, మాట్లాడే భాష కూడా అక్కడ సెట్ చేసిందే. మన యాస తెర మీద వినబడ్డదంటే అది రౌడీకో, నవ్వించే పనోడికో.

జైరాజ్‌కి ఫాల్కే వచ్చిన అదే 1980ల 'మా భూమి' రిలీజ్ అయ్యింది.

టీమ్ ఎట్లుండెనో చూడండి. ప్రొడ్యూసర్లు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. నర్సింగరావు గారు పెయింటింగ్ మనిషి, కవి. 1970లల్ల హైదరాబాద్‌ల ఆర్ట్ లవర్స్ అని ఒక బృందం నడిపిన్రు, గద్దర్ కూడా అందులకెళ్ళే వచ్చిండు. డైరెక్టర్ గౌతమ్ ఘోష్, కలకత్తా మనిషి, వయసు ఇరవై తొమ్మిది ముప్పై. అంతకుముందు 'హంగ్రీ ఆటమ్' అనే డాక్యుమెంటరీ తీసిండు కానీ ఫీచర్ ఫిల్మ్ ఇదే ఫస్ట్, అదీ తనది కాని భాషల. హీరో సాయిచంద్‌కి కూడా ఇదే ఫస్ట్ సినిమా. రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. మీకు ఇంకోలా గుర్తువడతడు: 2017ల వచ్చిన 'ఫిదా'ల భానుమతి వాళ్ళ నాయన ఆయనే.

అంటే ప్రొడ్యూసర్ కొత్త, డైరెక్టర్ కొత్త, హీరో కొత్త. ఇయ్యాల గిట్లాంటి టీమ్‌తోని పోతే ఏ ఆఫీసుల కూడా రెండో మీటింగ్ ఇయ్యరు.

కథేమో ఉర్దూ రచయిత కిషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసింది. స్క్రిప్ట్ రాసేటోళ్ళు ఇక్కడ ఆగి చూడాలె. నవలల రాఘవరావు అనే యువ రైతు ఉరిశిక్ష పడి జైల్ల ఉంటడు, తెల్లారితే చావు, ఆ రాత్రి తన బతుకంతా గుర్తు చేసుకుంటడు. పుస్తకంల అది చానా బలంగ పనిచేస్తది, ఎందుకంటే మనం వాని తలకాయల కూసుంటం. సినిమాల రామయ్య ఉంటడు. ఊర్ల దొర దగ్గర వెట్టి, చంద్రికి జరిగిన అన్యాయం, కోపంతోని ఊరు విడుస్తడు, సూర్యాపేట, హైదరాబాద్, ఫ్యాక్టరీ పని, కమ్యూనిస్టులతోని దోస్తానా, మళ్ళ ఊరు. లోపల జ్ఞాపకంగ ఉన్నదాన్ని బయట నడకగ మార్చిన్రు. రామయ్య ఏ గడప దాటితే ఆ లోకం మనకు కనబడతది. గౌతమ్ ఘోష్, నర్సింగరావు, ఇంకొందరు కలిసి రాసిన స్క్రీన్‌ప్లే ఇది. నవలను సినిమాగ మార్చుడు నేర్చుకోవాలంటే పుస్తకం, సినిమా పక్కపక్కన పెట్టుకొని చూడండి. ఏ కోర్సు కూడా ఇంత సాఫ్‌గ చెప్పదు.

ఇగ వాళ్ళ దగ్గర ఏమున్నది? స్టార్లు లేరు, పెద్ద సెట్లు లేవు, రంగులు కూడా లేవు, బ్లాక్ అండ్ వైట్. కానీ ఊర్లల్ల గడీలు ఇంకా నిలబడే ఉన్నయ్. 1948కి 1979కి మధ్య ముప్పై ఏండ్లే. రజాకార్లను కండ్లతోని చూసినోళ్ళు, వెట్టి చేసినోళ్ళు బతికే ఉన్నరు. దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిల తుపాకీ గుండుకు చనిపోయిండు. ఆ కడవెండి మన జనగామ పక్కనే. ఈ కథకు రీసెర్చ్ అంటే ఒక తాతను కూసోబెట్టి అడుగుడే. గద్దర్ తెర మీదికి వచ్చి పాడిన పాట కూడా సినిమా కోసం పుట్టింది కాదు, పోరాట కాలంల బండి యాదగిరి కట్టిన పాట. ఊర్ల నోట్ల అప్పటికే నలిగింది. ఊరోళ్ళు కూడా నటుల పక్కన నిలబడ్డరు.

ఫిల్మ్ ఖర్చు కూడా ఆలోచించాలె. 35 ఎంఎం ఫిల్మ్ వెయ్యి అడుగుల రోల్ అంటే పదకొండు నిమిషాలు, అంతే. రీటేక్ అంటే డబ్బులు కాలినట్టే. సీన్‌ల ఏం కావాలె, ఏం వద్దు అనేది పేపర్ మీదనే తేలిపోవాలె. మన ఫోన్లల్ల పదకొండు నిమిషాలంటే పెండ్లి బరాత్‌ల ఒక మూల కూడా రాదు.

నర్సింగరావు గారి తర్వాతి దారి నాకు ఇంకా నచ్చుతది. ఫస్ట్ సినిమాకు డైరెక్టర్ కాలేదు, ప్రొడ్యూసర్‌గ, రైటర్‌గ పక్కనుండి చూసిన్రు. 1983ల 'రంగుల కల' సొంతంగ డైరెక్ట్ చేసిన్రు. 1988ల 'దాసి'. ఎదిగినోళ్ళు పెద్ద సినిమా తీస్తరు కదా, ఈయనేమో కాన్వాస్ చిన్నగ చేసిన్రు. ఒక గడీ, అందుల కమలాక్షి అనే ఒక దాసి. అంతే. దానికి ఐదు నేషనల్ అవార్డులు వచ్చినయ్. బెస్ట్ యాక్ట్రెస్ అర్చన. ఆర్ట్ డైరెక్షన్ అవార్డు తోట వైకుంఠం, అదే, ఎర్ర బొట్టు పచ్చ చీర తెలంగాణ ఆడవాళ్ళను గీసే పెయింటర్.

తర్వాత మన ఇంజనీర్ల వంతు వచ్చింది. నగేష్ కుకునూర్ కెమికల్ ఇంజనీర్, అమెరికాల జాబ్ చేసుకుంట దాచుకున్న పైసలతోని 'హైదరాబాద్ బ్లూస్' తీసిండు, 1998. పదిహేడు రోజులు, పదిహేడు లక్షలు. రాసింది తనే, హీరో తనే. అమెరికా నుంచి ఇంటికొచ్చిన పిల్లగాని కథ, అంటే తనకు తెలిసిన ఇండ్లు, తనకు తెలిసిన మాటలు. శేఖర్ కమ్ముల కూడా కంప్యూటర్స్ చదివి, అమెరికాలనే సినిమా చదివి, 2000ల 'డాలర్ డ్రీమ్స్' తీసిండు. అమెరికా పోవాల్నా వద్దా అని కొట్టుకునే దోస్తుల కథ. ఫస్ట్ ఫిల్మ్ డైరెక్టర్‌కి ఇచ్చే నేషనల్ అవార్డు వచ్చింది. తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్మ్స్ తీసుకుంట 2016ల 'పెళ్ళి చూపులు' దాకా వచ్చిండు, డైలాగ్స్‌కి నేషనల్ అవార్డు.

మన వరంగల్ పిల్లగాడు సందీప్ రెడ్డి వంగా చదివింది ఫిజియోథెరపీ. తర్వాత ఆస్ట్రేలియాల ఫిల్మ్ కోర్సు, ఇక్కడ అసిస్టెంట్‌గ పని. 2017ల 'అర్జున్ రెడ్డి'. మెడికల్ కాలేజీ హాస్టల్ గాలి ఆయనకు తెలుసు, అందుకే ఆ సీన్లు అట్లుంటయ్. బ్యానర్ పేరు భద్రకాళి పిక్చర్స్, ఆ పేరు ఎక్కడిదో వరంగల్లోళ్ళకు నేను చెప్పాల్నా. హీరో పాత్ర మీద గొడవ నాకు తెలుసు, నాకూ అభ్యంతరాలు ఉన్నయ్, అది వేరే ఎపిసోడ్.

ఇప్పుడు ఎవ్వరూ చెప్పని ముచ్చట. 'మా భూమి'కి ప్రొడ్యూసర్లు పైసలు పెట్టిన్రు. కుకునూర్‌కి అమెరికా జీతం ఉండె. సందీప్‌కి సొంత అన్న ప్రొడ్యూసర్. ఇంట్ల ఆ వెసులుబాటు లేనోడు ఇంటర్వ్యూలల్ల "రిస్క్ తీసుకున్న" అనే మాట వినంగనే రిజైన్ లెటర్ పెడితే, కృష్ణానగర్‌ల రూమ్ కిరాయి కట్టుడే సినిమా అయితది. అందుకే తమ్మీ, చెల్లె, జాబ్ ఉంచుకోండి. 2015ల అమెరికాల షాన్ బేకర్ 'టాంజరీన్' మొత్తం ఐఫోన్ 5ఎస్‌తోని తీసిండు, కెమెరా ఖర్చు అప్పుడే పోయింది. మిగిలింది ఆదివారాలు, దోస్తులు, ఇంకా పేపర్ మీద పని.

"ఎవరికి చెప్పాలె" అని అడిగిన కథలు నాకు కొన్ని పంపిన్రు, చదివిన. సగానికి సగం గోవాల మొదలైతున్నయ్. మండి బజార్ల పొద్దుగాల ఆరింటికి ఏం జరుగుతదో, ఎనుమాముల మార్కెట్ల మిర్చి రేటు పడ్డ రోజు రైతు ఇంటికి ఫోన్ చేసి ఏమంటడో రాసినోళ్ళు ఇంకా ఎవ్వరూ కనబడలే. మీ దగ్గర ఉంటే పది పేజీలు పంపండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌ల 'దాసి' స్క్రీన్‌ప్లే సీన్ బై సీన్ పట్టుకుందాం. చూడనోళ్ళు అప్పట్లోపు చూసి రండి, కమలాక్షి ఎన్ని మాటలు మాట్లాడుతదో లెక్కపెట్టుకొని రండి.