సంగీత ఉపాధ్యాయుల సంఘాలు: గాంధర్వ మహావిద్యాలయ మండల్ అనుభవం

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక పిల్ల గాత్రానికో వీణకో వెళుతూ ఉంటే, "సర్టిఫికెట్ పరీక్ష ఎప్పుడు?" అనే మాట మీరు వినే ఉంటారు. త్యాగరాజస్వామి ఏ పరీక్షా రాయలేదు. ఆయన శిష్యులకూ ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. మరి ఇంటి అరుగుమీద సాగిన చదువుకు హాల్‌టికెట్టు, ప్రశ్నపత్రం, మార్కుల జాబితా ఎప్పుడు వచ్చాయి? ఎవరు తెచ్చారు?

చరిత్రలో సంఘాలు అనగానే మనకు కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, కుల సంఘాలు గుర్తుకు వస్తాయి. సంగీతం నేర్పేవారికి కూడా సంఘాలు ఉన్నాయని, వాటికీ సభ్యత్వ రుసుము, కార్యవర్గం, మినిట్స్ పుస్తకం, తగాదాలు ఉంటాయని సాధారణంగా తట్టదు. ఈ భాగంలో 1931లో అహ్మదాబాద్‌లో ఏర్పడిన గాంధర్వ మహావిద్యాలయ మండల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. సంగీత ఉపాధ్యాయులను ఒక సంఘం దేని బలంతో కలిపి ఉంచగలిగింది అన్నది మన ప్రశ్న. నా సమాధానం ముందే చెబుతాను: కచేరీ బలంతో కాదు, పరీక్ష బలంతో. మిగతా పాఠం ఈ మాటను మీరు అంగీకరించాలో వద్దో తేల్చుకోవడానికి.

నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్దంలో హిందుస్తానీ సంగీతం ఎక్కువగా ఘరానాల చేతిలో ఉండేది. ఘరానా అంటే ఒక కుటుంబం, దాని శిష్యవర్గం. విద్య తండ్రి నుంచి కొడుక్కి, మామ నుంచి అల్లుడికి అందేది. బయటివాడు నేర్చుకోవాలంటే గురువు ఇంట్లో ఏళ్ళ తరబడి సేవ చేయాలి. పోషణ సంస్థానాలది. సంస్థానాల ఖజానాలు తరిగిపోతున్నకొద్దీ విద్వాంసులు బొంబాయి, కలకత్తా వంటి నగరాలకు చేరారు. అక్కడ వారికి దొరికిన కొత్త పోషకుడు జీతగాడు, వకీలు, వర్తకుడు. ఈ కొత్త పోషకుడికి పాట ఇష్టమే. పాట పాడేవాడిమీద మాత్రం చిన్నచూపు.

ఈ చిన్నచూపు గురించి విష్ణు దిగంబర్ పలుస్కర్ జీవితచరిత్రలలో ఒక కథ ఉంది. పలుస్కర్ 1872లో కురుంద్వాడ్‌లో ఒక కీర్తనకారుడి కొడుకుగా పుట్టారు. చిన్నతనంలో మందుగుండు వల్ల కళ్ళు దెబ్బతిన్నాయి. చదువు సాగక, మిరజ్‌లో బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకర్ దగ్గర సంగీతానికి చేరారు. ఒకసారి ఊళ్ళో పెద్దల సభకు శిష్యుడికి పిలుపు వచ్చింది, గురువుకు రాలేదు. ఎందుకని అడిగితే, ఆయన ఒట్టి పాటగాడే కదా అన్న జవాబు వచ్చిందట. ఈ కథలో ఎంత నిజముందో పక్కన పెట్టండి. దాన్ని శిష్యపరంపర దశాబ్దాలపాటు చెప్పుకుంది. చరిత్ర విద్యార్థిగా మీరు పట్టుకోవలసింది అది. ఆ సంఘాన్ని కట్టినవారి మనసులో ఉన్న గాయం ఏమిటో ఆ కథ చెబుతుంది.

లాహోర్ నుంచి బొంబాయికి

1896లో పలుస్కర్ మిరజ్ వదిలారు. దర్బారులలోనే కాక, టిక్కెట్టు కొని ఎవరైనా వినగల కచేరీలు చేస్తూ ఉత్తరాదికి వెళ్ళారు. 1901 మే 5న లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం తెరిచారు. సంస్థానాధీశుడి ఖర్చుతో కాకుండా చందాలు, ఫీజులు, కచేరీ రాబడితో నడిచిన సంగీత పాఠశాల అది.

ఒక జాగ్రత్త చెప్పాలి. చాలా పుస్తకాలు ఇదే మొట్టమొదటి సంగీత పాఠశాల అన్నట్టు రాస్తాయి. అది సరికాదు. బరోడాలో సాయాజీరావు గాయక్వాడ్ పోషణలో మౌలా బక్ష్ అనే విద్వాంసుడు 1886లోనే పాఠశాల నడిపారు. పలుస్కర్‌లో కొత్తదనం పాఠశాల పెట్టడంలో కన్నా, ఉపాధ్యాయులను తయారుచేయాలనుకోవడంలో ఉంది. ఆయన దగ్గర ఉపదేశక తరగతి అని ఒకటి ఉండేది. అందులో చేరినవారికి భోజనం, వసతి ఉచితం. బదులుగా చాలా ఏళ్ళు ఉండి నేర్చుకుంటామని, తరువాత పాఠం చెబుతామని ఒప్పుకోవాలి. గురుకులంలోని సేవ ఇక్కడ ఒప్పందంగా మారింది. స్త్రీలకూ తరగతులు పెట్టారు. వాటికోసం పాటల సాహిత్యాన్ని కడిగి, శృంగారం తీసి భక్తి పెట్టారు. మధ్యతరగతి తల్లిదండ్రులు కూతుళ్ళను పంపగలిగారంటే దానికి ఇది ఒక కారణం.

1908లో బొంబాయి శాఖ వచ్చింది. ముద్రణాలయం, వాద్యాలు చేసే కార్ఖానా, సొంత స్వరలిపిలో పాఠ్యపుస్తకాలు, పట్టా ప్రదానోత్సవాలు అన్నీ అమరాయి. అప్పుతో పెద్ద భవనం కట్టారు. ఆ అప్పు తీర్చే దారి ఒక్కటే, ఆయన ఊరూరా తిరిగి పాడటం. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలో, అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ అభ్యంతరం చెప్పినా ఆపకుండా వందేమాతరం పాడింది ఈయనే. అంత పేరున్న మనిషి సంస్థను కూడా ఋణదాతలు వదలలేదు. 1920ల నడుమ భవనం వేలానికి పోయింది. ఆయన నాసిక్ చేరి రామనామ భజనలో పడ్డారు.

ఇక్కడ మీరు ఒక క్షణం ఆగాలి. సంస్థ పడిపోయింది సంగీతం బాగాలేక కాదు. దాని రాబడి, పరపతి, నిర్ణయాలు అన్నీ ఒక్క మనిషి గొంతుమీద ఆధారపడి ఉన్నాయి. ఆ గొంతు అలసిపోతే ఆదుకునే ఏర్పాటు లేదు.

మండల్ ఏర్పాటు

పలుస్కర్ 1931 ఆగస్టు 21న మిరజ్‌లో మరణించారు. అదే ఏడాది శిష్యులు అహ్మదాబాద్‌లో కూడి మండల్‌ను స్థాపించారు. అహ్మదాబాద్‌తో వారికి అప్పటికే సంబంధం ఉంది. శిష్యులలో ఒకరైన నారాయణ్ మోరేశ్వర్ ఖరే గాంధీగారి సబర్మతి ఆశ్రమంలో సంగీతం చెప్పేవారు, దండి యాత్రలో నడిచారు కూడా.

శిష్యులు చేసిన తెలివైన పని ఏమిటంటే, గురువు పోగొట్టుకున్న భవనాన్ని మళ్ళీ కట్టాలని మొదలుపెట్టకపోవడం. ఎవరి పాఠశాల వారిది. పుణేలో 1932లో వినాయకరావు పట్వర్ధన్ ఒకటి పెట్టుకున్నారు. బొంబాయిలో బి.ఆర్. దేవధర్ అప్పటికే ఒకటి నడుపుతున్నారు. ఢిల్లీలో 1939లో పట్వర్ధన్ శిష్యుడు వినయచంద్ర మౌద్గల్య మరొకటి తెరిచారు. ఓంకారనాథ్ ఠాకూర్ వంటి మహా గాయకుడు తన దారిలో తాను నడిచారు. ఇంటద్దె, జీతాలు, పిల్లల ఫీజులు ఆయా పాఠశాలల తలనొప్పి. మండల్ చేతిలో ఉంచుకున్నవి కొన్నే: పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా. తరువాతి కాలంలో ఒక పత్రిక కూడా.

నేటి పేరులో అఖిల భారతీయ అన్న మాట ఉన్నా, ఈ సంఘానికి గట్టి పట్టు మహారాష్ట్ర, గుజరాత్, ఆ చుట్టుపక్కలే. లక్నోలో భాత్‌ఖండే ప్రేరణతో 1926లో మారిస్ కళాశాల వచ్చింది. అదే ఏడాది అలహాబాద్‌లో ప్రయాగ సంగీత సమితి పుట్టింది. ప్రతి ప్రాంతానికి ఒక సంఘం, దానికొక పాఠ్యప్రణాళిక. పలుస్కర్ స్వరలిపి వేరు, భాత్‌ఖండే స్వరలిపి వేరు. పుణేలో మొదలుపెట్టిన పిల్లవాడు తండ్రి బదిలీతో లక్నో వెళితే, పాట అదే అయినా పుస్తకం చదవడం మళ్ళీ నేర్చుకోవాలి.

పరీక్ష చేసిన పని

మండల్ పరీక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి: ప్రారంభిక, ప్రవేశిక, మధ్యమ, విశారద, అలంకార. ప్రతి మెట్టుకూ ఇన్ని రాగాలు, ఇన్ని తాళాలు అని నిర్ణయం. పాడి చూపే పరీక్ష ఉంటుంది, మెట్టు పెరిగినకొద్దీ శాస్త్రం రాతపరీక్షా ఉంటుంది.

ఇందులో సంఘ నిర్వహణకు సంబంధించిన కిటుకు చూడండి. ఊరి ఉపాధ్యాయుడికి సంఘంతో పనేమిటి? ఏడాదికోసారి సభకు పిలిస్తే రెండేళ్ళు వస్తాడు, మూడో ఏడు మానేస్తాడు. చందా అడిగితే ముఖం చాటేస్తాడు. కానీ అతని శిష్యులు పరీక్షకు కూర్చోవాలంటే సంఘం కావాలి. పరీక్ష ఫీజు సంఘానికి రాబడి, ఫలితాల జాబితా ఉపాధ్యాయుడికి ప్రచారం, పట్టా పిల్లకు బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి దారి. మూడు అవసరాలు ఒకేచోట కలిశాయి. పెద్ద దాత లేకుండా సంఘం నడవడానికి ఇదే ఇంధనం. బయటి పరీక్షకుడు రావడం వల్ల ఉపాధ్యాయుడి పనితనం కూడా పరీక్షకు నిలబడింది. ఎనిమిదేళ్ళు ఫీజు తీసుకుని సరళీవరసలు దాటించని గురువులు మన వైపూ లేకపోలేదు కదా.

నష్టం లేదా? ఉంది. పరీక్షలో లేని రాగం తరగతిలో వినిపించదు. పదిహేను నిమిషాల్లో మార్కులు వేయగలిగినదే విద్య అవుతుంది. గంటసేపు ఒక్క రాగాన్ని విస్తరించగలవాడికీ, పది రాగాలు పది నిమిషాల్లో అప్పజెప్పగలవాడికీ తేడా పట్టాలో కనబడదు. ఈ పరీక్షల వల్ల గొప్ప గాయకులు పుట్టలేదని విద్వాంసులు ఎత్తిపొడుస్తూ ఉంటారు. నా దృష్టిలో ఆ విమర్శ గురి తప్పింది. సంఘం ఉద్దేశం ఉపాధ్యాయులను, శ్రోతలను తయారుచేయడం, అది చేసింది. అసలు విమర్శ వేరే ఉంది.

బయట మిగిలినవారు

పట్టా ఉన్నవాడు ఉపాధ్యాయుడు అని ఒకసారి అనుకున్నాక, పట్టా లేనివాడు ఎవరు? ఘరానాల ఉస్తాదులలో చాలామంది ముస్లింలు. ఉర్దూలోనో, నోటిమాటగానో నేర్చుకున్నవారు. వారి విద్యనే పుస్తకంలోకి ఎక్కించి, వారిని పరీక్ష రాయమంటే ఏం రాస్తారు? కిరానా ఘరానాకు చెందిన అబ్దుల్ కరీం ఖాన్ 1913లో పుణేలో ఆర్య సంగీత విద్యాలయం పెట్టి, తామూ పాఠశాల నడపగలమని చూపించారు. అటువంటివారు కొద్దిమందే. వేశ్యావృత్తితో ముడిపెట్టి చూసిన గాయనీమణుల సంగతి ఇంకా కష్టం. వారి పాట గ్రామఫోను రికార్డుల్లో ఇంటింటా మోగింది. గౌరవం కోసం పుట్టిన పాఠశాలల్లో మాత్రం వారికి చోటు దొరకడం అరుదు. మిరజ్‌లో గురువుకు జరిగిన అవమానాన్ని తుడవడానికి బయలుదేరిన ఉద్యమం, గౌరవానికి గీసిన గీతకు అవతల మరికొందరిని నిలబెట్టింది.

మన ప్రాంతం

తెలుగు ప్రాంతాల్లో ఈ పని ఎక్కువగా సంస్థానం, తరువాత ప్రభుత్వం చేశాయి. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు, 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవికి వచ్చారు. మద్రాసులో 1927 కాంగ్రెస్ సభలతోపాటు జరిగిన సంగీత సమావేశం నుంచి మ్యూజిక్ అకాడమీ పుట్టి 1928లో ప్రారంభమైంది. 1931లో, అంటే మండల్ పుట్టిన ఏడాదే, అది సంగీత ఉపాధ్యాయుల కళాశాలను తెరిచింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952లో వచ్చింది. కాబట్టి మన దగ్గర పరీక్ష అధికారం ఉపాధ్యాయుల సంఘాలకు దక్కలేదు. ఊళ్ళలోని సంఘాలు త్యాగరాజ ఆరాధనలు, సన్మానాలు చేసుకుంటూ మిగిలాయి.

అటువంటి సంఘం ఒకదాన్ని నేను దగ్గరగా చూశాను. పేరు, ఊరు చెప్పను. కోస్తాలోని ఒక పట్టణంలో సంగీత ఉపాధ్యాయులు సర్వసభ్య సమావేశం పెట్టుకుని, రెండు వర్గాల మధ్య మాట పెరగకుండా ఉంటుందని సంగీతం రాని నన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. మొదటి అంశం, నెలకు కనీస ఫీజు ఎంత ఉండాలి అన్నది. అందరూ ఒకే మొత్తం తీసుకుందామని తీర్మానం. రెండు గంటల వాదన తరువాత ఏకగ్రీవంగా నెగ్గింది. మర్నాడు ఉదయమే ఇద్దరు సభ్యులు పాత ఫీజుకే పిల్లలను చేర్చుకున్నారని తరువాత తెలిసింది. రెండో అంశం, దేవాలయంలో వాయించే నాదస్వర విద్వాంసులకు సభ్యత్వం. ఆ ఊళ్ళో వారికంటే ఎక్కువ కీర్తనలు తెలిసినవారు లేరు. కానీ నియమావళిలో సభ్యుడికి సర్టిఫికెట్ ఉండాలని రాసి ఉంది. ఆ మాట కార్యదర్శి చదివి వినిపించారు. వెనక వరుసలో ఉన్న పెద్దాయన, "మా నాన్నగారే మాకు సర్టిఫికెట్ బాబూ" అన్నారు. కొందరు నవ్వారు. పది నిమిషాల్లో అంశం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. మినిట్స్‌లో నేను సంతకం చేశాను. నియమావళిని సవరించే అధికారం సర్వసభ్య సమావేశానికే ఉంటుందని ఆ రోజు నేను గుర్తు చేయలేదు. అధ్యక్షుడిగా అది నా పనే.

చేయవలసిన పని

సొసైటీల నమోదు చట్టం కింద ఏర్పడిన ఏ సంఘానికైనా నియమావళి ఉంటుంది. మీ జిల్లాలో సంగీత ఉపాధ్యాయుల సంఘమో, గాన సభో ఉంటే దాని నియమావళి అడిగి చదవండి. సభ్యత్వ అర్హత గురించిన నిబంధనను మీ నోటుపుస్తకంలో ఎత్తిరాసుకోండి. తరువాత ఇద్దరిని కలవండి: ఇంట్లో పాఠం చెప్పే ఒక ఉపాధ్యాయినిని, గుడిలో వాయించే ఒక నాదస్వర విద్వాంసుణ్ణి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్నేళ్ళు, ఏం చెల్లించారు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారు, ఏ సంఘంలోనైనా సభ్యత్వం ఉందా అని ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడిగి, వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. వారి ఇళ్ళలో పాఠం చెప్పే గది గోడమీద ఏమేం తగిలించి ఉన్నాయో అది కూడా రాయండి.