సహజవాయువు సరఫరా – పొలం గట్టు నుండి వంటింటి వరకు తెలిసి ఉండవలసిన పదములు

కాకినాడ సమీపాన గాడిమొగ వద్ద తీరానికి చేరే కృష్ణా–గోదావరి బేసిన్ సహజవాయువు తెలంగాణ మీదుగా సాగి, కర్ణాటకలోని బీదరు జిల్లాను దాటి, మహారాష్ట్ర గుండా గుజరాత్‌లోని భరూచ్ వరకు భూగర్భంలోనే ప్రయాణిస్తున్నది. 2009లో వినియోగంలోకి వచ్చిన ఈ తూర్పు–పడమర గొట్టపు మార్గం పొడవు సుమారు 1,400 కి.మీ. డాభోల్–బెంగళూరు మార్గం 2013లో ప్రారంభమైనది. తమిళనాడులోని ఎన్నూరులో 2019లో ద్రవ వాయు కేంద్రం ఏర్పడి, అక్కడి నుండి మరికొన్ని మార్గాలకు ఆధారమైనది. ఉత్తరాన గెయిల్ సంస్థ శ్రీకాకుళం–అంగుల్ మార్గాన్ని చేపట్టినది. యానాం చుట్టుపట్ల ఉన్న కోనసీమ ప్రాంతమైతే దశాబ్దాలుగా వాయు బావులకు, గొట్టాలకు నెలవు.

ఈ మార్గాలు రాష్ట్రాల ఎల్లలను దాటుతున్నవి గాని, వాటికి సంబంధించిన నోటీసులు, హెచ్చరిక పలకలు మాత్రం ఏ రాష్ట్రంలో ఆ రాష్ట్ర భాషలో ఉంటాయి. సహజవాయువును కన్నడంలో ‘నైసర్గిక అనిల’ అనీ, తమిళంలో ‘ఇయర్కై ఎరివాయు’ అనీ, మరాఠీలో ‘నైసర్గిక్ వాయూ’ అనీ, ఒడియాలో ‘ప్రాకృతిక గ్యాస్’ అనీ వ్రాస్తారు. తమిళ పలకపై ‘కుళాయ్’ అన్న మాట చూచి ఇది నీటి కుళాయి సంగతి అనుకొనే తెలుగువారు ఉండవచ్చు. అక్కడ ఆ మాటకు గొట్టం అని అర్థం. పదం తెలియకపోతే పొలంపై హక్కు విషయంలో నష్టం కలుగవచ్చు, ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుచేత తరచుగా ఎదురయ్యే ముఖ్య పదాలను ఈ దిగువ వివరించడమైనది.

వాయువు – దాని రూపములు

సహజవాయువు: ఇందులో అధిక భాగం మీథేన్. దీనికి స్వతహాగా రంగు గాని వాసన గాని లేదు. గాలి కంటె తేలిక. గాలిలో సుమారు 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే అంటుకొంటుంది.

ఎల్‌పీజీ: సిలిండరులో వచ్చే వంటగ్యాసు. ఇది సహజవాయువు కాదు. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలి కంటె బరువైనది కనుక లీకైనప్పుడు నేలబారున పేరుకొంటుంది. సహజవాయువు పైకప్పు వైపు చేరుతుంది. అందువల్లనే గొట్టపు గ్యాసు వాడే వంటింటికి గోడ పైభాగంలో గాలి పోయే మార్గం ఉండాలి.

ఎల్‌ఎన్‌జీ: సహజవాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరిస్తే ద్రవమవుతుంది. అప్పుడు దాని పరిమాణం సుమారు ఆరువందల వంతుకు తగ్గుతుంది. ఓడలలో దిగుమతి అయ్యేది ఈ రూపంలోనే. ఎన్నూరు వంటి కేంద్రాలలో దీనిని తిరిగి వాయువుగా మార్చి గొట్టాలలోకి పంపుతారు.

సీఎన్‌జీ: వాహనాల కొరకు 200 బార్‌లకు పైగా ఒత్తిడితో నింపే వాయువు. ఆటోలు, బస్సులు వాడేది ఇదే.

పీఎన్‌జీ: గొట్టం ద్వారా ఇంటికి వచ్చే సహజవాయువు.

తడి వాయువు, పొడి వాయువు: బావి నుండి వెలువడే వాయువులో నీరు, ద్రవ హైడ్రోకార్బన్లు కలిసి ఉంటాయి. దానిని తడి వాయువు అంటారు. వీటిని తొలగించిన పిమ్మట మిగిలినది పొడి వాయువు. తేమను తొలగించే యంత్రాగారానికి డీహైడ్రేషన్ యూనిట్ అని పేరు. ఉక్కు గొట్టంలో నీరు నిలిచినచోట లోపలి నుండి తుప్పు పట్టి గోడ పలుచబడుతుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా, నేటి కోనసీమ జిల్లాలోని నగరం గ్రామంలో జరిగిన ఘోరానికి మూలం ఈ తేడాలోనే ఉన్నది. తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్కేంద్రానికి వాయువును చేరవేసే గెయిల్ వారి 18 అంగుళాల గొట్టం అక్కడ లీకైనది. వ్యాపించిన వాయువుకు నిప్పు తగిలి ఇండ్లు, కొబ్బరితోటలు కాలిపోగా, మృతుల సంఖ్య 20 దాటినది. పొడి వాయువు కొరకు ఉద్దేశించిన గొట్టంలో తేమతో కూడిన వాయువును పంపుట వలన లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది.

సుదూర మార్గానికి చెందిన పదములు

ట్రాన్స్‌మిషన్ లైను: ఉత్పత్తి స్థానం నుండి లేదా ఓడరేవు నుండి దూర ప్రాంతాలకు వాయువును చేరవేసే ప్రధాన ఉక్కు గొట్టం. పెద్ద మార్గాలలో ఒత్తిడి 90 బార్‌ల వరకు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. దీని నుండి నేరుగా ఇండ్లకు కనెక్షన్ ఇవ్వడం సాధ్యం కాదు. ‘మా పొలంలో గొట్టం ఉన్నది, మా ఇంటికి గ్యాసు లేదు’ అన్న ఆవేదనకు ఉన్న సాంకేతిక కారణం ఇదే.

కంప్రెసర్ స్టేషను: రాపిడి వలన దారిలో తగ్గిన ఒత్తిడిని తిరిగి పెంచే కేంద్రం.

సెక్షనలైజింగ్ వాల్వు: గొట్టాన్ని భాగాలుగా విడదీసే కవాటం. ప్రమాదం జరిగినప్పుడు ఇరువైపుల కవాటాలను మూసివేస్తే మధ్య భాగంలోని వాయువు మాత్రమే బయటకు పోతుంది. జనావాసం తక్కువైన చోట సుమారు 32 కి.మీ.కు ఒకటి, జనం పెరిగిన కొలది 24, 16, 8 కి.మీ.కు ఒకటి చొప్పున వీటిని అమర్చడం ప్రమాణం.

లొకేషన్ క్లాసు: గ్రామస్థులు తప్పక తెలిసికొనవలసిన పదం. గొట్టానికి ఇరువైపుల 200 మీటర్లు, పొడవున 1,600 మీటర్లు గల ప్రదేశంలోని ఇండ్లను లెక్కిస్తారు. ఇండ్లు 10 లేదా అంతకు తక్కువైతే మొదటి తరగతి. 10 దాటి 46 లోపు అయితే రెండవది. 46, అంతకు పైబడితే మూడవది. బహుళ అంతస్తుల భవనాలు, రద్దీ అధికంగా ఉన్నచోటు నాలుగవది. తరగతి పెరిగిన కొలది గొట్టపు గోడ మందంగా నైనా ఉండాలి, లేదా ఒత్తిడి తక్కువగా నైనా ఉండాలి. గొట్టం వేసిన నాడు పొలంగా ఉన్న చోటు నేడు కాలనీ అయితే తరగతి మారుతుంది. కొత్త లేఅవుట్ వస్తున్నప్పుడు ఆ సంగతిని గొట్టపు సంస్థకు వ్రాతపూర్వకంగా తెలియజేయడం పంచాయతీకి శ్రేయస్కరం.

పిగ్గింగ్: గొట్టం లోపలికి ‘పిగ్’ అనే సాధనాన్ని వదలి, వాయువు ఒత్తిడితోనే దానిని నడిపించి, పేరుకొన్న నీటిని, మలినాలను ఊడ్చివేయడం. పరికరాలు అమర్చిన పిగ్ గొట్టపు గోడ ఎక్కడ పలుచబడినదో నమోదు చేస్తుంది.

క్యాథోడిక్ రక్షణ: భూమిలోని తేమ వలన గొట్టానికి బయటి నుండి తుప్పు పట్టకుండ స్వల్ప విద్యుత్తును ప్రవహింపజేసే పద్ధతి. దాని కొలతలు తీయుటకు మార్గం వెంబడి చిన్న స్తంభాలు పాతుతారు. గట్టుపై అడ్డముగా ఉన్నదని వాటిని పెకలించరాదు.

మార్కరు: భూమిలో గొట్టం పోవు దారిని సూచించే పలక. దీనిపై సంస్థ పేరు, అత్యవసర ఫోను నంబరు ఉంటాయి. ఆ నంబరును ఇంటి గోడపై వ్రాసి ఉంచుకొనుట మంచిది.

భూమికి చెందిన పదములు

రైట్ ఆఫ్ యూజర్: తెలుగులో వినియోగ హక్కు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ గొట్టపు మార్గాల చట్టం ప్రకారం ప్రభుత్వం తీసికొనేది భూమిని కాదు, భూమి అడుగున గొట్టం వేసి నిర్వహించుకొనే హక్కును మాత్రమే. పట్టా రైతు పేరనే ఉంటుంది. దీనిని భూసేకరణతో కలిపి చూడరాదు.

మూడవ సెక్షను నోటిఫికేషను: ఏ సర్వే నంబర్లలో గొట్టం వేయదలచినదీ గెజిట్‌లో తెలిపే మొదటి ప్రకటన. ఇది వెలువడిన నాటి నుండి 21 రోజుల లోపల అభ్యంతరాన్ని వ్రాతపూర్వకంగా సమర్పించవచ్చు. గడువు స్వల్పం. నోటీసు పరాయి లిపిలో ఉన్నందున చదివించుకొనుటకే పది రోజులు గడచిపోతే నష్టపడేది రైతే. కనుక నోటీసు అందిన నాడే తేదీ వేసి, చదువగలవారిచేత చదివించుకొనవలెను.

కాంపిటెంట్ అథారిటీ: ఈ చట్టం క్రింద అభ్యంతరాలను విని, పరిహారాన్ని నిర్ణయించుటకు నియమితుడైన అధికారి. ఆ నిర్ణయించిన పరిహారం సమ్మతం కానిచో జిల్లా న్యాయమూర్తి వద్దకు వెళ్ళవచ్చు.

ఆరవ సెక్షను ప్రకటన: అభ్యంతరాల విచారణ ముగిసిన పిమ్మట వినియోగ హక్కును పొందినట్లు చేసే ప్రకటన.

తొమ్మిదవ సెక్షను ఆంక్షలు: వినియోగ హక్కు పట్టీలో ఇల్లు గాని కట్టడం గాని కట్టరాదు. బావి, చెరువు, ఆనకట్ట తవ్వరాదు. చెట్లు నాటరాదు. వీటికి లోబడి మునుపటి వలెనే సేద్యం చేసికొనవచ్చు. వరి, వేరుసెనగ, జొన్న వంటి పైర్లకు ఇబ్బంది లేదు. మామిడి, కొబ్బరి నాటరాదు. తోటలే జీవనాధారమైన రైతుకు ఇదే పెద్ద లోటు.

పదవ సెక్షను పరిహారం: ఇందులో రెండు భాగాలు ఉన్నవి. మొదటిది, పైరు, చెట్లు, కట్టడాలు మొదలైన వాటికి కలిగిన నష్టం. రెండవది, మొదటి నోటిఫికేషను నాటి మార్కెట్ విలువలో 10 శాతం. నష్టపరిహారం యజమానికే కాక ఆ భూమిలో ఆసక్తి గల ఇతరులకు కూడ వర్తిస్తుంది. కనుక కౌలు సాగు చేసేవారు తమ పైరు వివరాలను పంచనామాలో నమోదు చేయించుకొనుట ముఖ్యం.

ఈ పట్టీ విషయమై తమిళనాడులో పెద్ద వివాదమే నడిచినది. కొచ్చి–బెంగళూరు మార్గం పంట పొలాల గుండా పోరాదని కోయంబత్తూరు మొదలు ధర్మపురి, కృష్ణగిరి వరకు ఏడు జిల్లాల రైతులు ఆందోళన చేయగా, 2013లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దారిని రహదారుల వెంబడి మార్చవలెనని ఆదేశించినది. అదే సంవత్సరం మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసినది. 2016లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలిపినది. కేంద్ర చట్టం క్రింద వెలువడిన ప్రకటనకు సకాలంలో, ఆ చట్టం చెప్పిన అధికారి యెదుటనే స్పందించవలసిన అవసరాన్ని ఈ ఉదంతం సూచిస్తున్నది.

పంపిణీకి చెందిన పదములు

సిటీ గేట్ స్టేషను: ప్రధాన గొట్టం నుండి స్థానిక పంపిణీ సంస్థ వాయువును అందుకొనే ద్వారం. ఇక్కడ ఒత్తిడిని తగ్గించి, పరిమాణాన్ని కొలిచి, వాసన కలుపుతారు.

ఆడరెంట్: లీకును పసిగట్టుటకు కలిపే ఘాటైన వాసన ద్రవ్యం. మెర్కాప్టాన్ జాతికి చెందినవి ఎక్కువగా వాడుకలో ఉన్నవి. మన దేశంలో దీనిని సాధారణంగా పంపిణీ దశలోనే కలుపుతారు. కాబట్టి పొలాల క్రింది ప్రధాన గొట్టం లీకైతే వాసన రాకపోవచ్చు. నేల నుండి బుస కొట్టే శబ్దం, తడి నేలలో బుడగలు, గొట్టం దారిలో మాత్రమే పైరు పసుపుబారడం అక్కడి గుర్తులు.

జియోగ్రాఫికల్ ఏరియా: 2006 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు పంపిణీ సంస్థకు కేటాయించే ప్రాంతం. సాధారణంగా ఒకటి లేదా కొన్ని జిల్లాలు కలిసి ఉంటుంది. ఎల్లకు ఆవలి గ్రామానికి కనెక్షన్లు వచ్చి ఇవతలి గ్రామానికి రాకపోవుటకు తరచు ఇదే కారణం. దరఖాస్తును తమ జిల్లాకు కేటాయించబడిన సంస్థకే పెట్టుకొనవలెను.

రెగ్యులేటరు: ఒత్తిడిని అంచెలంచెలుగా తగ్గించే సాధనం. వీధి గొట్టాలలో సుమారు 4 బార్‌లుగా ఉన్న ఒత్తిడి వంటింటి పొయ్యి చేరేసరికి 21 మిల్లీబార్‌లకు తగ్గుతుంది. సిలిండరు పొయ్యిని గొట్టపు గ్యాసుకు వాడదలచినప్పుడు జెట్లు మార్చవలెను. ఈ పని సంస్థ పంపిన పనివానిచేతనే చేయించవలెను.

బిల్లులో కనిపించే పదములు

ప్రామాణిక ఘనపు మీటరు: 15 డిగ్రీల ఉష్ణం, సాధారణ వాతావరణ పీడనం వద్ద కొలిచిన ఒక ఘనపు మీటరు వాయువు. ఇంటి బిల్లుకు ఇదే ఆధారం. 14.2 కిలోల సిలిండరు ఇచ్చే వేడికి సుమారు 17, 18 ఘనపు మీటర్లు సమానం. రెండింటి ధరలను ఈ లెక్కతో పోల్చి చూచుకొనవచ్చు.

ఎంఎంబీటీయూ: వేడిని బట్టి వాయువును లెక్కించే కొలత. సుమారు 2,52,000 కిలో కెలోరీలకు సమానం. వార్తలలో వాయువు ధరను దీనిలోనే చెబుతారు.

ఏకీకృత రవాణా సుంకం: వేర్వేరు గొట్టపు మార్గాలకు వేర్వేరు రుసుము కాక, అనుసంధానమైన మార్గాలన్నింటిని ఒకే వ్యవస్థగా భావించి విధించే రవాణా సుంకం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది.

తవ్వకము, లీకు – పాటించవలసినవి

ఇతరుల తవ్వకం వలన గొట్టాలు దెబ్బతినుట ప్రమాదాలకు ఒక ప్రధాన కారణం. బోరు, పునాది, కాలువ పనికి యంత్రాన్ని పిలుచుటకు ముందే మార్కరు మీది నంబరుకు తెలియజేయాలి. ఇందుకై కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే మొబైల్ యాప్‌ను కూడ ప్రారంభించినది.

లీకు అనుమానం కలిగినచో పొయ్యి, అగ్గిపుల్ల, బీడీ వెలిగించరాదు. విద్యుత్ స్విచ్చులను ముట్టరాదు. మోటారు సైకిలు, ట్రాక్టరు స్టార్టు చేయరాదు. పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని గాలికి ఎదురుగా, లీకుకు దూరంగా నడిచి వెళ్ళాలి. దూరం చేరిన తరువాతనే ఫోను చేయాలి. ఫోనులో మార్కరుపై ఉన్న కిలోమీటరు సంఖ్యను చెప్పగలిగితే, ఏ రెండు కవాటాలను మూయవలెనో అవతలివారికి వెంటనే తెలుస్తుంది.